కిక్‌బాక్సింగ్: పుట్టుక నుంచి మీ మొదటి పన్నెండు వారాల దాకా

కిక్‌బాక్సింగ్ క్లాసులో చేరడానికి వెళ్లేవాళ్లు మామూలుగా ఫీజు ఎంత, టైమింగ్స్ ఏమిటి, ఎన్నాళ్లకు బరువు తగ్గుతాం అని అడుగుతారు. నేనైతే వీటన్నిటికంటే ముందు ఒక ప్రశ్న అడగమంటాను: “మీరు ఏ రూల్స్ ప్రకారం నేర్పుతారు?” కోచ్ చెప్పే జవాబును బట్టి మీరు ఎలా నిలబడాలో, కాలు ఎంత ఎత్తులో వెయ్యాలో, మోకాలు వాడొచ్చో లేదో, ఆఖరికి మొదటి వారం ఒంట్లో ఎక్కడ నొప్పి పుడుతుందో కూడా తేలిపోతుంది. కిక్‌బాక్సింగ్ ఒకే గురువు దగ్గర పుట్టిన విద్య కాదు మరి. రెండు మూడు దేశాల్లో, ఎవరి అవసరానికి వాళ్లు అతుకులు వేసి కుట్టుకున్న ఆట. ఆ అతుకులు ఎక్కడున్నాయో తెలిస్తే క్లాసులో చెప్పే చాలా విషయాలకు కారణం దొరుకుతుంది. అందుకే ఈ గైడులో మొదటి మెట్టు చరిత్ర. నేరుగా గ్లౌజుల దగ్గరికి దూకాలని ఉంటే దూకండి గానీ, మళ్లీ ఇక్కడికి రావాల్సి వస్తుంది.

ఎక్కడ పుట్టింది

1950ల చివరికి జపాన్‌లో కరాటే పోటీ అంటే దెబ్బ తగలకుండా కొట్టడం. పిడికిలి ఎదుటి మనిషి దాకా వెళ్లి, తాకే ముందు ఆగిపోవాలి. తత్సువో యమదా అనే కరాటే గురువుకు ఇది చాలలేదు. నిజంగా కొడితే ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో తేలాలని ఆయన పట్టు. ఆ సమయంలో ఆయన కళ్లు థాయ్‌లాండ్ వాళ్ల ముయే థాయ్ మీద పడ్డాయి. అందులో పిడికిళ్లు, మోచేతులు, మోకాళ్లు, కాళ్లు అన్నీ వాడతారు, దెబ్బలు నిజంగానే తగులుతాయి. 1959 డిసెంబర్ 20న టోక్యోలోని అసకుసాలో థాయ్ ఫైటర్ల మధ్య ముయే థాయ్ పోటీ ఏర్పాటు చేశారు. తాను ఊహించిన కొత్త ఆటకు యమదా అనుకున్న పేరు ‘కరాటే బాక్సింగ్’.

మనం ఇవాళ వాడే పేరు పెట్టింది మాత్రం ఒసాము నొగుచి అనే బాక్సింగ్ ప్రమోటర్. 1966 ఏప్రిల్‌లో ఒసాకాలో ఆయన మొదటి కిక్‌బాక్సింగ్ పోటీలు నడిపాడు. ముయే థాయ్ కంటే వేరుగా కనిపించాలని తొలినాళ్లలో తలతో గుద్దడం, పట్టుకుని పడెయ్యడం కూడా ఉండేవి. తర్వాత తీసేశారు.

ఆ రోజుల్లో జపాన్‌లో ఇంటింటికీ తెలిసిన పేరు తదాషి సవమురా. కరాటే నుంచి వచ్చినవాడు. 1966లో ఒక థాయ్ ఫైటర్ చేతిలో ఒకే పోటీలో 16 సార్లు కింద పడి ఓడిపోయాడు. ఆ తర్వాత శిక్షణ మొత్తం మార్చుకుని తిరిగొచ్చి, టీవీలో జనం ఎదురుచూసే హీరో అయ్యాడు. కరాటే తెలిసినంత మాత్రాన కిక్‌బాక్సింగ్ వచ్చినట్టు కాదని ఆయన ఒంటి మీద రాసి మరీ చెప్పారన్నమాట. వేరే మార్షల్ ఆర్ట్ నుంచి వచ్చి, “నాకు బేసిక్స్ అక్కర్లేదు” అనేవాళ్లు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

అమెరికాలో కథ వేరు. అక్కడి కరాటే వాళ్లకూ ఆగిపోయే దెబ్బల మీద విసుగు పుట్టింది. 1970లో జో లూయిస్ అనే కరాటే చాంపియన్ బాక్సింగ్ గ్లౌజులు వేసుకుని రింగులోకి దిగాడు. 1974 సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఫుల్ కాంటాక్ట్ కరాటే పేరుతో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. లూయిస్‌తో పాటు బిల్ వాలెస్, జెఫ్ స్మిత్ లాంటివాళ్లు అందులో టైటిళ్లు గెలిచారు. ఇక్కడి రూలు ఏమిటంటే కిక్ నడుము పైనే పడాలి. ఫైటర్లు కాళ్లు మర్చిపోయి ఉత్త బాక్సింగ్‌లోకి జారిపోతున్నారని, ఒక్కో రౌండులో కనీసం 8 కిక్‌లు వెయ్యాలనే షరతు కూడా పెట్టారు. పొడవాటి ప్యాంటు, పాదాలకు ప్యాడింగ్. ఇప్పటికీ కొన్ని క్లాసుల్లో ఈ ప్యాంటు కనిపిస్తే వాళ్ల మూలం ఎటువైపో ఊహించొచ్చు.

మూడో పాయ నెదర్లాండ్స్‌ది. యాన్ ప్లాస్ అనే డచ్ యువకుడు టోక్యో వెళ్లి కెంజి కురొసాకి దగ్గర నేర్చుకున్నాడు. కురొసాకి ఎలాంటి గురువో చెప్పాలంటే, ఆయన శిష్యుడు తోషియో ఫుజివారా 1978లో బ్యాంకాక్ రాజదమ్నెర్న్ స్టేడియంలో ముయే థాయ్ టైటిల్ గెలిచాడు. థాయ్ కానివాడు అలాంటి టైటిల్ గెలవడం అదే మొదటిసారి. అదే ఏడాది ప్లాస్ ఆమ్‌స్టర్‌డామ్‌లో జిమ్ తెరిచి, టోక్యోలోని గురువుగారి జిమ్ పేరే, మెజిరో అని పెట్టుకున్నాడు. డచ్ వాళ్లు దీనికి గట్టి బాక్సింగ్ కలిపారు. చేతులతో మూడు నాలుగు దెబ్బలు వరసగా వేసి, ఎదుటివాడు మొహం కాపాడుకునే పనిలో ఉండగా తొడ మీద లో కిక్‌తో ముగించడం వాళ్ల ముద్ర. రాబ్ కామన్, రామన్ డెకర్స్, ఎర్నెస్టో హూస్ట్ అందరూ ఆ నేల నుంచి వచ్చినవాళ్లే.

ఈ పాయలన్నీ మళ్లీ కలిసింది 1993లో. కరాటే గురువు కజుయోషి ఇషీ మొదలుపెట్టిన కే-1 టోర్నమెంట్ ఆ ఏప్రిల్ 30న టోక్యోలో జరిగింది. క్రొయేషియాకు చెందిన బ్రాంకో సికాటిక్ ఫైనల్లో హూస్ట్‌ను ఓడించాడు. హూస్ట్ ఆ తర్వాత నాలుగుసార్లు ఆ గ్రాండ్ ప్రీ గెలుచుకున్నాడు. అమెచ్యూర్ పోటీలను ప్రపంచ స్థాయిలో నడిపే వాకో అనే సంస్థ 1976లో ఏర్పడింది. దానికి 2021 జూలైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు అంటే ఒలింపిక్స్‌లో మెడల్ ఉందని కాదు. ఈ రెండిటినీ కలిపేసి ప్రకటనలు వేసేవాళ్లు ఉంటారు, చూసుకోండి.

ఏ క్లాసు ఎంచుకోవాలి

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు వద్దాం. జవాబు స్థూలంగా నాలుగు రకాలుగా ఉంటుంది.

“ఫుల్ కాంటాక్ట్” అంటే అమెరికన్ పాయ. నడుము పైన కిక్‌లు. తుంటి దగ్గర బాగా సాగే గుణం కావాలి, ఎత్తు కిక్‌లు బాగా వస్తాయి. “లో కిక్” అంటే దానికి తొడ మీద దెబ్బలు కలిశాయని. “కే-1 రూల్స్” అంటే మోకాళ్లు కూడా ఉంటాయి, పట్టుకోవడం కొద్దిసేపే. “పాయింట్ ఫైటింగ్, లైట్ కాంటాక్ట్” అంటే రింగులో కాకుండా మ్యాట్ మీద, అదుపులో కొట్టి పాయింట్లు సంపాదించే ఆట. ఇవి కాకుండా కార్డియో కిక్‌బాక్సింగ్ అని మ్యూజిక్‌తో చేసేది ఉంది. అక్కడ ఎదుట మనిషి ఉండడు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే అలవాటు కొంతమందికి ఉంది, నాకు లేదు. గంటసేపు ఆగకుండా కదిలితే గుండెకు మంచిదే. కాకపోతే ఆత్మరక్షణ నేర్చుకున్నామని అనుకోవద్దు, అంతే.

ఫిట్‌నెస్ మాత్రమే కావాలంటే ఏదైనా పర్వాలేదు. అప్పుడు రూల్స్ కంటే కోచ్‌ను చూడండి. ఒక క్లాసు పక్కన కూర్చుని గమనించండి. కొత్తవాళ్ల పాదం సరిచేస్తున్నాడా, లేక అరుపులతో స్పీడ్ మాత్రమే పెంచుతున్నాడా? మొదటి వారమే స్పారింగ్‌కి, అంటే ఎదురుగా మనిషితో చేసే ప్రాక్టీసు పోటీకి, దింపే చోటికి వెళ్లకండి. అది ధైర్యం నేర్పడం కాదు, నిర్లక్ష్యం.

చేరే ముందు

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛలు, మోకాలు లేదా వెన్ను ఆపరేషన్, గర్భం, ఇంతకుముందు తలకు గట్టి దెబ్బ: వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్ని అడగండి. చాలాకాలంగా ఏ వ్యాయామమూ లేని వాళ్లు ముందు రెండు మూడు వారాలు చురుగ్గా నడిచి, కుర్చీలోంచి లేచి కూర్చున్నట్టు స్క్వాట్లు చేసి వస్తే మొదటి క్లాసు నరకంలా ఉండదు.

సామాను విషయంలో ఆత్రపడొద్దు. మొదట కొనాల్సినవి చేతులకు చుట్టుకునే హ్యాండ్ ర్యాప్స్, గ్లౌజులు. పెద్దవాళ్లకు 180 అంగుళాల ర్యాప్స్, అంటే దాదాపు నాలుగున్నర మీటర్లు. చెయ్యి చిన్నదైతే 120 అంగుళాలు చాలు. వేలాడదీసిన పంచింగ్ బ్యాగ్ కొట్టడానికి 10 లేదా 12 ఔన్సుల గ్లౌజులు, స్పారింగ్ దాకా వెళ్తే ఎదుటివాళ్ల క్షేమం కోసం 16 ఔన్సులవి. షిన్ గార్డులు, మౌత్ గార్డ్, మగవాళ్లకు గ్రోయిన్ గార్డ్ ఎదురుగా మనిషితో చేసే రోజుకు కావాలి. జిమ్‌లో అందరూ వాడే గ్లౌజుల వాసన ఒక్కసారి చూస్తే సొంతవి కొనమని నేను వేరే చెప్పక్కర్లేదు.

ర్యాప్ చుట్టుకోవడం ఇలా:

1. వేళ్లు బాగా విడదీసి చెయ్యి చాపండి. లూప్‌ను బొటనవేలికి తగిలించి, గుడ్డను చేతి వెనక వైపు నుంచి మణికట్టు దాకా తీసుకెళ్లండి.
2. మణికట్టు చుట్టూ మూడుసార్లు.
3. అక్కడి నుంచి పైకొచ్చి, పిడికిలి కణుపుల మీదుగా మూడుసార్లు.
4. చిటికెన వేలి వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో సందులోంచి ఒకసారి పోనిచ్చి, ప్రతిసారీ మణికట్టు దగ్గరికి తిరిగి రండి.
5. బొటనవేలి చుట్టూ ఒకసారి, మిగిలింది కణుపుల మీద, మణికట్టు మీద పంచి అతికించండి.

పిడికిలి బిగిస్తే బిగువుగా ఉండాలి, తెరిస్తే వేళ్లు తిమ్మిరెక్కకూడదు. వేళ్లు రంగు మారితే విప్పి మళ్లీ చుట్టండి. చుట్టేటప్పుడు వేళ్లు మూసుకుని ఉండటమే చాలామంది చేసే పొరపాటు. తర్వాత పిడికిలి పట్టేసరికి బిగుసుకుపోతుంది.

నిలబడటం

ఈ భాగం చదవడానికి బోరు, చెయ్యడానికి ఇంకా బోరు. కానీ నేను చూసినంతలో ఆరు నెలల తర్వాత కూడా ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమందికి లోపం ఇక్కడే ఉంటుంది.

కుడిచేతి వాటం వాళ్లు ఎడమ కాలు ముందు పెట్టాలి. పాదాల మధ్య భుజాల వెడల్పు. రెండూ ఒకే గీత మీద ఉండకూడదు, రైలు పట్టాల మీద చెరొకటి పెట్టినట్టు ఉండాలి. ముందు పాదం కొద్దిగా లోపలికి, వెనక మడమ కాస్త లేచి. మోకాళ్లు బిగుసుకోకుండా, బరువు రెండు కాళ్ల మీద దాదాపు సమానంగా. చేతులు చెంపల దాకా, మోచేతులు పక్కటెముకలను కాపాడేలా, గడ్డం కిందికి.

ఇక్కడే చరిత్ర అక్కరకొస్తుంది. నడుము కింద కిక్ లేని రూల్స్‌లో ఫైటర్ పక్కకు తిరిగి నిలబడొచ్చు, ఒంట్లో తక్కువ భాగం కనబడుతుంది, సైడ్ కిక్ సులువు. అదే నిలబడటం లో కిక్ ఉన్న చోట చేస్తే ముందు తొడ ఎదుటివాడికి అప్పగించినట్టే. అందుకే కే-1 నేర్పే కోచ్ “ఛాతీ ఎదురుగా తిప్పు” అంటాడు, అమెరికన్ పద్ధతి కోచ్ “పక్కకి తిరుగు” అంటాడు. ఇద్దరూ కరెక్టే. రెండు వీడియోలు చూసి తికమకపడే కొత్తవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కదలడంలో ఒకటే సూత్రం: ఎటు వెళ్తున్నారో ఆ వైపు కాలు ముందు కదలాలి, రెండోది వెనకాల రావాలి. ముందుకైతే ముందు కాలు, వెనక్కైతే వెనక కాలు, ఎడమకైతే ఎడమ కాలు. పాదాలు ఎప్పుడూ ఒకదాన్నొకటి దాటకూడదు. దాటిన క్షణంలో ఎవరైనా వేలితో తోసినా పడిపోతారు. రోజూ మూడు నిమిషాలు చేతులు పైన పెట్టుకుని ఇలా నాలుగు వైపులా నడవడమే మొదటి వారం హోంవర్క్.

చేతులు

పంచ్‌లు నాలుగే: జాబ్, క్రాస్, హుక్, అప్పర్‌కట్. చాలా జిమ్‌లలో జాబ్‌కి ఒకటి, క్రాస్‌కి రెండు, ముందు చేతి హుక్‌కి మూడు అని నంబర్లు పిలుస్తారు.

జాబ్ ముందు చేత్తో తిన్నగా. చివర్లో అరచెయ్యి నేల వైపు తిరగాలి, భుజం లేచి గడ్డాన్ని కప్పాలి, వెళ్లిన దారిలోనే వెనక్కి రావాలి. తగలాల్సింది చూపుడు, మధ్య వేళ్ల కణుపులు, మణికట్టు వంగకుండా. క్రాస్ వెనక చెయ్యి. దాని బలం చేతిది కాదు, నేలది. వెనక మడమ బయటికి తిరిగితే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితే భుజం వస్తుంది, చెయ్యి చివర్లో అంటుకుని వెళ్తుంది. హుక్‌లో మోచెయ్యి సుమారు తొంభై డిగ్రీలు వంచి, నడుముతో తిప్పాలి. చెయ్యి ఊపితే అది చెంపదెబ్బ అవుతుంది. అప్పర్‌కట్ మోకాళ్లు కొద్దిగా కుంగి లేస్తూ కింది నుంచి.

ప్రతి దెబ్బకూ ‘ష్’ అని ఊపిరి వదలండి. సిగ్గు పడొద్దు, అందరూ అలాగే చప్పుడు చేస్తారు. ఊపిరి బిగబట్టి కొట్టేవాళ్లు ఎంత ఫిట్‌గా ఉన్నా ఒక నిమిషం దాటేసరికి వాడిపోతారు. కొట్టని చెయ్యి చెంప దగ్గరే ఉందా లేదా అని ఎవరినైనా చూడమనండి. ఉండదు. నాకైతే మొదటి రెండు నెలలు కుడిచెయ్యి నడుము దగ్గరికే జారేది. గడ్డానికీ భుజానికీ మధ్య టెన్నిస్ బంతి ఇరికించుకుని షాడో బాక్సింగ్ (ఎదుట ఎవరూ లేకుండా గాలిలో కొట్టడం) చేస్తే ఆ అలవాటు పోయింది.

కాళ్లు

కిక్ మొదలయ్యేది మోకాలితో. ఫ్రంట్ కిక్‌లో ముందు మోకాలు ఛాతీ వైపు లేపి, తర్వాత తుంటిని ముందుకు నెడుతూ పాదం ముందు భాగంతో తోయాలి, వేళ్లు వెనక్కి లాగిపెట్టి. ఇది దెబ్బ కంటే దూరం కాపాడుకునే సాధనం, తలుపు నెట్టినట్టు. కొత్తవాళ్లకు నేను మొదట గట్టిగా నేర్చుకోమనే కిక్ ఇదే.

అందరికీ ఇష్టమైంది రౌండ్‌హౌస్. అందరికీ మోకాలు నొప్పి తెచ్చేదీ ఇదే. ముందు కాలును కొద్దిగా ఏటవాలుగా బయటికి వేసి, ఆ పాదం ముందు భాగం మీద గిర్రున తిరగాలి, మడమ లక్ష్యం వైపు చూసేంత వరకు. తుంటి బోర్లించినట్టు తిరుగుతుంది, దాని వెనకే కాలు కర్రలా వచ్చి తగులుతుంది. తగలాల్సింది పాదం కాదు, షిన్ కింది భాగం, అంటే మోకాలికీ చీలమండకూ మధ్య ముందుండే ఎముక. కిక్ వేసే వైపు చెయ్యి కిందికి ఊగుతుంది, రెండో చెయ్యి మొహం దగ్గరే ఉండాలి.

నేల మీద ఉన్న పాదం తిరగకపోతే ఏమవుతుంది? పైన తుంటి తిరుగుతుంది, కింద పాదం అతుక్కుని ఉంటుంది, ఆ మెలి మొత్తం మోకాలి లిగమెంట్ల మీద పడుతుంది. అందుకే బ్యాగ్ దగ్గరికి వెళ్లేముందు గోడ పట్టుకుని, కాలు లేపకుండా పాదం తిప్పడం ఒక్కటే వంద సార్లు చెయ్యండి. ఎత్తు గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. తొడ ఎత్తులో శుభ్రంగా వేసే కిక్, తల ఎత్తులో తూలుతూ వేసే కిక్ కంటే అన్ని విధాలా మేలు. లో కిక్ తొడ బయటి వైపు మధ్యలో పడాలి. ప్రాక్టీసులో భాగస్వామి మోకాలి కీలు మీద ఎప్పుడూ వేయకూడదు.

షిన్ గట్టిపడాలని సీసాలతో రుద్దడం, కర్రలతో కొట్టుకోవడం లాంటి పిచ్చి సలహాలు వినిపిస్తాయి. ఎముక భారానికి తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది, నిజమే. కానీ నెలల తరబడి బ్యాగ్ మీద, భాగస్వామి పట్టుకునే మెత్తటి ప్యాడ్ మీద పడే మామూలు దెబ్బలతోనే అది జరుగుతుంది. సీసా వల్ల వచ్చేది కమిలిన కాలు.

కాపాడుకోవడం

పంచ్ వస్తే చేతులు పైకి పెట్టి ఆపడం, అరచేత్తో పక్కకు నెట్టడం, ఒక అడుగు వెనక్కి వెయ్యడం. లో కిక్ వస్తే ముందు మోకాలు లేపి కాస్త బయటికి తిప్పి షిన్‌తో ఆపడం, దీన్నే చెక్ అంటారు. మొదట్లో ఈ నాలుగూ చాలు. తల వంచి తప్పుకోవడం బాక్సింగ్‌లో చూడ్డానికి బాగుంటుంది, కానీ ఇక్కడ కిందికి వంగిన తలకు మోకాలు ఎదురు రావచ్చు. డిఫెన్స్‌ను వేరే పాఠంగా కాకుండా ప్రతి కాంబినేషన్ చివర ఒక డిఫెన్స్ అతికించి నేర్చుకోండి: జాబ్, క్రాస్, హుక్, లో కిక్, వెంటనే చెక్.

పన్నెండు వారాలు

మొదటి నాలుగు వారాలు వారానికి రెండు క్లాసులు, మధ్యలో కనీసం ఒక రోజు విశ్రాంతి. మూడో వారంలో ఉత్సాహం పొంగి రోజూ రావాలనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే మణికట్టో పిక్కో పట్టేస్తుంది. ఐదో వారం నుంచి మూడు క్లాసులు. తొమ్మిదో వారం నుంచి భాగస్వామితో మెల్లగా చేసే డ్రిల్స్.

గంట క్లాసు సుమారుగా ఇలా నడుస్తుంది. పది నిమిషాలు స్కిప్పింగ్ రోపు, కీళ్లు కదిలించడం. తర్వాత షాడో బాక్సింగ్ మూడు రౌండ్లు. అమెచ్యూర్ పోటీల్లో రౌండు రెండు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం. అదే కొలత ఇక్కడా వాడుకోండి. ఆపైన పావుగంట ఒకే ఒక టెక్నిక్. అప్పుడు బ్యాగ్ లేదా ప్యాడ్స్ ఐదారు రౌండ్లు. చివర్లో పొట్ట, నడుము కండరాలకు కొంత పని, ఊపిరి కుదుటపడేలా స్ట్రెచింగ్. ఒకే భంగిమలో కాసేపు ఆగి లాగే స్ట్రెచింగ్ మొదట్లో కాదు, ఒళ్లు వేడెక్కాక చెయ్యాలి.

బ్యాగ్ మీద మొదటి నెల సగం బలంతోనే కొట్టండి. పక్కవాడి బ్యాగ్ ఊగుతోంది, మనది ఊగట్లేదు అని టెన్షన్ పడొద్దు. బ్యాగ్ బాగా ఊగుతుందంటే చాలాసార్లు దాన్ని కొట్టట్లేదు, తోస్తున్నారని అర్థం. సరైన దెబ్బకు అది అదిరి అక్కడే వణుకుతుంది, చప్పుడు కూడా వేరుగా ఉంటుంది.

ఇంట్లో చేసుకోవాలంటే అద్దం ముందు షాడో బాక్సింగ్ చాలు. ఫోనులో వీడియో తీసి చూసుకోండి. మొదటిసారి చూసినప్పుడు నవ్వొస్తుంది, నాలుగోసారి తప్పులు కనిపిస్తాయి.

ఒంటికి ఏం ఒరుగుతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం చెయ్యమంటుంది. దాంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. కిక్‌బాక్సింగ్ తీవ్రమైన కోవలోకి వస్తుంది కాబట్టి వారానికి రెండు మూడు క్లాసులతో మొదటి లెక్క తీరిపోతుంది. రెండోది పూర్తిగా తీరదు. స్క్వాట్లు, పుషప్స్, వెన్నుకు లాగే వ్యాయామాలు వేరే చేసుకోవాలి, ఎందుకంటే ఈ ఆటలో అంతా ముందుకు నెట్టడమే, వెనక్కి లాగే పని తక్కువ. భుజాలు ముందుకు వంగిపోయిన బాక్సర్లను మీరు చూసే ఉంటారు.

2014లో వచ్చిన ఒక అధ్యయనంలో ఐదు వారాల పాటు వారానికి మూడు గంటలు కిక్‌బాక్సింగ్ చేసినవాళ్లలో గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం, చురుకుదనం, సాగే గుణం మెరుగయ్యాయి. ఇది కోచ్‌లు రోజూ చూసేదానికి దగ్గరగానే ఉంది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలుతో కొట్టడం అంటే తుంటి, చీలమండ కండరాలు ప్రతి కిక్‌కీ పరీక్ష రాస్తున్నట్టు. అందుకే బ్యాలెన్స్ తొందరగా మెరుగవుతుంది. ఎడమ చెయ్యి, కుడి కాలు, ఊపిరి ఒక తాళంలో కలవడం నెమ్మదిగా వస్తుంది, కానీ వచ్చాక పోదు.

కేలరీల దగ్గర ప్రకటనలు కోతలు కోస్తాయి. వ్యాయామాల ఖర్చును లెక్కగట్టే పట్టికల్లో ఈ కోవ మార్షల్ ఆర్ట్స్‌కు 10.3 అనే విలువ ఉంది, అంటే ఊరికే కూర్చున్నప్పటి ఖర్చుకు పది రెట్లు. 60 కిలోల మనిషి గంటసేపు ఎక్కడా ఆగకుండా చేస్తే 600 కేలరీల పైచిలుకు. కానీ ఎవరు ఆగకుండా చేస్తారు? కోచ్ చూపించేటప్పుడు నిలబడతాం, నీళ్లు తాగుతాం, ర్యాప్ సర్దుకుంటాం. అసలు ఖర్చు దానికంటే బాగా తక్కువ. బరువు తగ్గడం తిండి దగ్గర తేలుతుంది. నీళ్లు మానేసి, చెమట సూట్లు వేసుకుని బరువు దించే పద్ధతులు పోటీ ఫైటర్లకే ప్రమాదం, మామూలు మనుషులు ఆ జోలికి పోకూడదు.

మనసుకు మేలు జరుగుతుందనేది కూడా నిజమే, కానీ అందరూ చెప్పే కారణం తప్పు. “కోపం వస్తే బ్యాగ్‌ని కొట్టు, దిగిపోతుంది” అంటారు. 2002లో అచ్చయిన ఒక ప్రయోగంలో, తమను రెచ్చగొట్టిన మనిషిని తలుచుకుంటూ బ్యాగ్‌ను కొట్టినవాళ్ల కోపం, ఏమీ చెయ్యకుండా కూర్చున్నవాళ్ల కోపం కంటే ఎక్కువగా ఉందని తేలింది. బ్యాగ్ మీద బాస్ మొహం ఊహించుకోమనే కోచ్ సరదాకే చెప్పినా మేలు చెయ్యట్లేదు. హాయిగా అనిపించేది వేరే కారణానికి. ప్యాడ్ పట్టిన మనిషి “ఒకటి రెండు మూడు, కిక్” అని పిలుస్తుంటే ఆ నాలుగు దెబ్బల మీద తప్ప ఇంకో ఆలోచనకు చోటుండదు. గంటసేపు ఫోను చూడని మనిషిగా బయటికొస్తారు. రాత్రి నిద్ర కూడా బాగా పడుతుంది, అయితే పడుకునే ముందు క్లాసు పెట్టుకుంటే కొందరికి తిరగబడుతుంది.

ఆత్మరక్షణ సంగతి: దూరం అంచనా వెయ్యడం, దెబ్బ వస్తే కళ్లు మూసుకోకపోవడం, గట్టిగా నెట్టి తప్పించుకోవడం వస్తాయి. కత్తి ముందు, నలుగురి ముందు ఇవేవీ పనికిరావు. పరుగే మందు.

స్పారింగ్, తల

స్పారింగ్ చెయ్యకపోయినా పైన చెప్పిన లాభాలన్నీ దక్కుతాయి. కోచ్ మొహమాటపెట్టినా సరే, ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి. చెయ్యాలనుకుంటే మూడు నెలల తర్వాత, ముందు ఒంటి మీద మాత్రమే, తర్వాత తాకీ తాకనట్టు తలకు. పూర్తి సామానుతో, మీకంటే అనుభవం ఉన్న మనిషితో. కొత్తవాళ్లిద్దరిని ఎదురెదురు పెడితే భయంతో ఇద్దరూ గట్టిగా కొట్టుకుంటారు. అనుభవమున్నవాళ్లు మీ దెబ్బలను ఓపిగ్గా తీసుకుని, మీ చెయ్యి కిందికి జారినప్పుడు మెల్లగా తాకి గుర్తుచేస్తారు. పిల్లల విషయంలో తలకు దెబ్బలు లేని క్లాసే వెతకండి.

హెడ్ గార్డ్ మొహం మీద గాట్లు, కమిలిన మచ్చలు తగ్గిస్తుంది. లోపల మెదడు కుదుపును ఆపలేదు. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, మాట తడబడటం, జరిగింది గుర్తులేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు గ్లౌజులు విప్పెయ్యాలి. “కాసేపు కూర్చుని మళ్లీ చేస్తా” అనేదానికి అక్కడ చోటు లేదు. డాక్టర్ చూసి సరే అనేదాకా తిరిగి స్పారింగ్ వద్దు. వాంతులు ఆగకపోయినా, మత్తుగా అయిపోతున్నా, తలనొప్పి పెరుగుతున్నా నేరుగా ఆస్పత్రికే, ఒంటరిగా ఇంటికి పంపకూడదు.

మొదటి స్పారింగ్ రౌండులో నేర్చుకున్నదంతా మాయమవుతుంది. అది అందరికీ జరిగేదే. నాకు గుర్తున్నది గంట మోగడం, మళ్లీ గంట మోగడం, మధ్యలో కోచ్ గొంతు “ఊపిరి, ఊపిరి” అని. అందుకే ఆ రౌండుకు ఒకే పని పెట్టుకోండి: రెండు నిమిషాలూ జాబ్, ముందు కాలితో ఫ్రంట్ కిక్, ఈ రెండే. రెండో రౌండుకు చెక్ కలపండి. మూడోది ఉందంటే అప్పటికే కాళ్లు బరువెక్కి ఉంటాయి, కాబట్టి ఆ రోజుకు అక్కడితో ఆపి, నీళ్లు తాగి, మౌత్ గార్డ్ కడిగి పెట్టెలో పెట్టి, తడిసిన ర్యాప్స్ బ్యాగులో ఉండచుట్టి పడెయ్యకుండా ఇంటికెళ్లగానే ఉతికి ఆరేసుకోండి.